పెంపుడు మేకలకు కంచె: చెక్క పలకలా, ఇనుప వలా?

పెరటితోట: చిన్న జాతి మేకల్ని ఒక జత తెచ్చుకుంటున్నాం. వాటికి స్థలం ఇంటి ముందు వైపే ఉంది, అందుకే తెల్ల రంగు వేసిన చెక్క కంచె పెట్టాలని నా ఆశ. ఇంట్లోవాళ్లేమో ఇనుప వల చాలంటున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

తీగమనిషి: చెక్క జోలికి పోకండి. కంచె చేను మేయడం సామెతలో విన్నాం, ఇక్కడ మేక కంచెనే మేస్తుంది. అడ్డపలకలు ఉంటే వాటి మీద ముందుకాళ్లు వేసి పైకి లేస్తుంది. నిలువు పలకల మధ్య సందు కాస్త ఎక్కువైనా పిల్లలు బయటికి దూరిపోతాయి. 4 అడుగుల ఎత్తున వల వేయండి, పెద్ద జాతులకైతే 5 అడుగులు. టెన్షన్ ఉండదు.

చెక్కపని: ఏ వల వేసినా టెన్షన్ ఉండదనకండి, అసలు తిప్పలన్నీ అక్కడే. గడి 6 అంగుళాలు ఉందనుకోండి, కొమ్ముల మేక అవతలి గడ్డి కోసం తల పెడుతుంది. వెనక్కి వాలిన కొమ్ములు కాబట్టి పోయేటప్పుడు సాఫీగా పోతాయి, వచ్చేటప్పుడు తీగకు తగులుకుంటాయి. అది వెనక్కి గుంజుకుంటూ అరుస్తుంది. మనం వెళ్లి గడ్డం పైకెత్తి, తల పక్కకు తిప్పి, ఒక్కో కొమ్మూ తప్పించాలి. వదిలిన కాసేపటికే మళ్లీ అదే గడిలో ఉంటుంది! మనం చూడకపోతే ప్రాణం మీదికి వస్తుంది. 4 అంగుళాల గడి అయితే పెద్ద మేకకు తలే పట్టదు.

తీగమనిషి: గడి విషయం ఒప్పుకుంటా. వెల్డ్ మెష్ కాకుండా అల్లిన వలే తీసుకోవాలి. మేకలు కాళ్లు మోపి నిలబడుతుంటే వెల్డింగు అతుకులు ఒక్కొక్కటే ఊడిపోతాయి. ముళ్ల తీగ మాత్రం వద్దే వద్దు, పొదుగులు చీరుకుపోతాయి.

కొత్తగొర్రె: కరెంటు వల వేస్తే పోదా?

చెక్కపని: కొమ్ములున్నవాటికీ పిల్లలకూ వల వద్దండీ, చిక్కుకుంటే బయటపడలేక షాక్ తింటూనే ఉంటాయి. గట్టి కంచెకు లోపలి వైపు ఒక్క కరెంటు తీగ లాగితే మాత్రం పనికొస్తుంది, ఒళ్లు రుద్దుకోవడం మానేస్తాయి.

పెరటితోట: అయితే నా తెల్ల కంచె సంగతి? దాని వెంట గన్నేరు కూడా నాటుదామనుకున్నా.

చెక్కపని: గన్నేరు వద్దండీ, విషం. కొన్ని ఆకులు తిన్నా మేక చచ్చిపోతుంది. కంచె మీదుగా మెడ చాచితే అందనిది ఉండదు.

చెక్క కంచె మాత్రం నిక్షేపంగా పెట్టుకోండి, కాకపోతే వీధి వైపు. వల మేకల వైపు రావాలి. గుంజలకు బయటి వైపున వల కొడితే మేక ఆనుకున్నప్పుడల్లా మేకులు ఊడొస్తాయి, లోపలి వైపైతే ఆ బరువు గుంజల మీద పడుతుంది. మూలగుంజలకు ఏటవాలు ఊతకర్రలు లోపల పెట్టారో, దాని మీద నడిచి అవతలికి దూకేస్తాయి. పాత ఇళ్ల నుంచి ఊడదీసిన చెక్క కొనకండి, ఆ రంగులో సీసం ఉండొచ్చు. ఇవి నాకకుండా ఉండవు.

తీగమనిషి: లోపల వల ఉంటే నాకేం అభ్యంతరం లేదు, బయట ఏ రంగైనా వేసుకోండి. గేటుకు మాత్రం ఉత్త గొళ్ళెం చాలదు, పెదాలతో తీసేస్తాయి. మేక మూతికి అందకుండా బయటి వైపు పెట్టి, ఒక కొక్కెం కూడా తగిలించండి.