జిమ్నీలో స్పితి క్యాంపింగ్: ముందు ఏం చేయించాలి?

హైదరాబాద్_జిమ్నీ:
సెప్టెంబర్ చివర్లో నేనూ మా ఆవిడా మా జిమ్నీలో (మారుతి చిన్న 4x4 బండి) హిమాచల్ కొండల్లోని చలి లోయ స్పితి వెళ్తున్నాం. అక్కడి కాజా ఊరి చుట్టుపక్కల రాత్రుళ్లు బండి దగ్గరే బస. రూఫ్‌టాప్ టెంట్ (బండి పైకప్పు మీద బిగించేది), బుల్‌బార్ (ముందు బంపర్‌కి బిగించే ఇనుప గార్డు), ఫ్రిజ్ కోసం లిథియం బ్యాటరీ పెట్టించాలని ఉంది. దేంతో మొదలుపెట్టాలండీ?

కొండదారి:
టైర్లతో. కంపెనీ సైజులోనే ఆల్ టెర్రెయిన్ (రోడ్డుకీ, రాళ్ల దారికీ పనికొచ్చే) టైర్లు వేయించండి. రాళ్ల దారిలో గాలి కాస్త తగ్గించాలి, రోడ్డెక్కాక మళ్లీ నింపాలి. అందుకే గాలి నింపే 12 వోల్టుల కంప్రెసర్, గాలి కొలిచే గేజ్, పంక్చర్ కిట్ తప్పనిసరి.

రూఫ్ టెంట్లు చాలావరకు 50 కిలోలు దాటతాయి. మీ మాన్యువల్‌లో రూఫ్ లోడ్ (పైకప్పు మోయగల బరువు) ఎంతుందో చూడండి. అంత బరువు నెత్తిన ఉంటే మలుపుల్లో బండి ఊగుతుంది. నేనైతే నేల టెంటే వేస్తాను.

బండి_వైరింగ్:
బుల్‌బార్ వద్దే వద్దు. 2017లోనే కేంద్రం వాటిని తీయించమంది. గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ పనితీరు కూడా దెబ్బతినొచ్చు.

లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే సెల్స్ పాడవుతాయి. దాన్ని క్యాబిన్‌లోనే ఉంచి, పొద్దున ఎండెక్కి వెచ్చబడ్డాకే చార్జ్ పెట్టండి. ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. వైరు ఎక్కడైనా ఒరుసుకుని షార్టయితే కాపాడేది అదొక్కటే.

హైదరాబాద్_జిమ్నీ:
థ్యాంక్సండీ, బుల్‌బార్ మానేశా. వంటకి మామూలు బ్యూటేన్ డబ్బాల స్టవ్ చాలా?

కొండదారి:
చాలదు. చలి బాగా ఉంటే బ్యూటేన్ సరిగా ఆవిరి కాదు, మంట నీరసంగా వస్తుంది. ప్రొపేన్ కలిసిన డబ్బాలు తీసుకోండి. ఎంత చలేసినా టెంట్ లోపల మాత్రం వెలిగించకండి, స్టవ్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు.