రెండు మ్యాపుల్లో దూరాలు కలవట్లేదు, గుడి ఏటికి అవతలికి పోయింది. రేపే సెషన్, సాయం చేయండి

కొత్త_డీఎం:
బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు వేసుకుని ఆడే కథల ఆటకి నేను డీఎంని, అంటే కథ చెప్తూ ఆట నడిపేది నేనే. ఆ కథలోని రాజ్యం మ్యాపులు సరిచూద్దామని సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను, ఇప్పుడు పదకొండున్నర. స్కేలు, దారం, కాలిక్యులేటర్ అన్నీ ముందేసుకున్నా లెక్క తేలట్లేదు. నల్లరేవు నుంచి గద్దకోటకి రాజ్యం మ్యాప్‌లో 20 హెక్స్‌లు (ఆరు భుజాల గళ్లు). హెక్స్‌కి 6 మైళ్లు, అంటే 120 మైళ్లు. అదే దారి మీద ప్రాంతం మ్యాప్‌లో దారం వంపులు తిప్పుతూ పెట్టి కొలిస్తే 7 అంగుళాలు వచ్చింది. కింద ‘1 అంగుళం = 12 మైళ్లు’ అని నా చేత్తోనే రాసి ఉంది. అంటే 84. రెండు మ్యాపులూ నేను గీసినవే, ఒకదాన్ని పక్కన పెట్టుకునే రెండోది గీశాను!

ఇది చాలదన్నట్టు దీపాలగుడి ఒక దాంట్లో వెండేరుకి పడమటి ఒడ్డున ఉంది, ఇంకోదాంట్లో తూర్పు ఒడ్డున ఉంది. ఏ మ్యాప్ పారేయాలో చెప్పండి. ఫొటోలు పెట్టాను. చాలా టెన్షన్‌గా ఉంది.

ఇరవైముఖాలు:
ఏ ఆట? ఏ ఎడిషన్? ప్లేయర్ల చేతిలో ఉన్న మ్యాప్ ఏది?

నదీతీరం:
ఫొటోలు చూశాను. దూరాల కంటే పెద్ద తప్పు ఒకటుంది. మీ వెండేరు గద్దకోట దిగువన రెండుగా చీలి, ఒక పాయ తూర్పు సముద్రంలో, ఒకటి దక్షిణ సముద్రంలో కలుస్తోంది. నీళ్లు పల్లానికి పోతాయి కాబట్టి ఏరులు దిగువకు పోయేకొద్దీ ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి, విడిపోవు. సముద్రం దగ్గర డెల్టాలో పాయలు చీలడం వేరే సంగతి. నడి ఖండంలో చీలిన నది లేదా అంటే ఉంది. వెనిజులాలో కసికియారే అనే పాయ ఒరినోకో నీళ్లలో కొంత భాగాన్ని రియో నీగ్రోలోకి, అక్కడి నుంచి అమెజాన్‌లోకి తీసుకుపోతుంది. ప్రపంచంలో అంత పెద్ద చీలిక మళ్లీ దొరకడం కష్టం. దయచేసి ముందు ఇది సరిచేయండి.

కొత్త_డీఎం:
నది సంగతి తర్వాత చూస్తానండీ. ఆడేది డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్) ఐదో ఎడిషన్, 2014 పుస్తకాలు. ప్లేయర్లకి ప్రాంతం మ్యాప్ ప్రింట్ తీసి ఇచ్చాను. పెద్ద స్కేలు మ్యాప్, అదే రాజ్యానిది, నా దగ్గరే ఉంది, వాళ్లు చూడలేదు.

పెన్సిల్‌పటం:
చిన్న సవరణ. పెద్ద స్కేలు అంటే తక్కువ చోటుని వివరంగా చూపించేది. 1:25,000 పెద్ద స్కేలు, 1:10,00,000 చిన్న స్కేలు. మీ రాజ్యం మ్యాపే చిన్న స్కేలుది.

మూడోపాచిక:
ఆడేవాళ్లెవరూ అలా అనరు బ్రో. రాజ్యమంతా చూపిస్తే అది పెద్ద మ్యాపే.

పెన్సిల్‌పటం:
పెద్ద మ్యాప్ అనండి, నాకేం అభ్యంతరం లేదు. స్కేలు మాత్రం భిన్నం. ఇరవై అయిదు వేలలో ఒక వంతు పెద్దదా, పది లక్షల్లో ఒక వంతు పెద్దదా? ఈ మాట తిరగేసి వాడటం వల్లే హెక్స్ లెక్కలు తలకిందులవుతాయి. ఇలాంటివి చాలా చూశాను.

ఇరవైముఖాలు:
ప్రాంతం మ్యాప్ ఏ సైజు కాగితం మీద గీశారు? ప్రింట్ ఏ సైజు? దారంతో కొలిచింది దేని మీద?

కొత్త_డీఎం:
గీసింది ఏ3 మీద. స్కాన్ చేసి ఏ4లో తీశాను, నా ప్రింటర్‌లో అదే పడుతుంది. కొలిచింది ప్రింట్ మీదే. దానికీ దీనికీ ఏంటి సంబంధం?

ఇరవైముఖాలు:
7 × 1.414 = 9.9
9.9 × 12 = 118.8

కొత్త_డీఎం:
అయ్యో. అయిదున్నర గంటలు!

పెన్సిల్‌పటం:
అందుకే మాటల్లో స్కేలు రాయొద్దంటాను. ఏ3ని ఏ4కి కుదిస్తే ప్రతి పొడవూ 71 శాతానికి దిగుతుంది. ‘1 అంగుళం = 12 మైళ్లు’ అన్న అక్షరాలు చిన్నవైనా అర్థం మారదు కదా, అక్కడే లెక్క తప్పుతుంది. అదే అడుగున ఒక గీత గీసి, ఈ గీత పొడవు 60 మైళ్లు అని పెడితే, మ్యాప్‌తో పాటు గీతా కుదించుకుపోయి లెక్క నిలబడుతుంది. ఇప్పటికి ప్రింట్ మీద 12 కొట్టేసి 17 అని రాయండి, సరిపోతుంది.

కొత్త_డీఎం:
రాయొచ్చు కానీ, పోయిన సెషన్‌లో వాళ్లు ఆ దారి నడిచేశారు. 84 మైళ్లు, రోజుకి 24, మూడున్నర రోజులు అని నేనే చెప్పాను. ఇప్పుడు శత్రుసైన్యం అదే దారిన గద్దకోట మీదికి వస్తోంది, ఐదో రోజు ముట్టడి అని కథ రాసుకున్నాను. మనం మూడున్నర రోజుల్లో వచ్చాం, వాళ్లకెందుకు ఐదు అని ఒకమ్మాయి గ్రూప్‌లో అడిగింది. అసలు ఈ కొలతలు మొదలుపెట్టింది అందుకే.

మూడోపాచిక:
ఈ ముక్క మొదటే చెప్పాల్సింది. 17 అని రాయొద్దు. బల్ల దగ్గర నోటితో చెప్పిందే నిజం, మ్యాప్ దాని వెనకాల రావాలి. ఒకసారి నేను దూరాన్ని చెప్పకుండా మార్చేశాను. ఒక ప్లేయర్ నోట్‌బుక్ తీసి, వేలు పెట్టి చూపించాడు: ‘తొమ్మిదో రోజు, మధ్యాహ్నానికి వంతెన చేరాం’. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత మూడు సెషన్ల పాటు నేను ఏ దూరం చెప్పినా ‘ఖాయమేనా?’ అని మళ్లీ అడిగేవాళ్లు. ఆ నమ్మకం తిరిగి రావడానికి చాలా కష్టపడ్డాను.

మీ దగ్గర ఎవరూ చూడని మ్యాప్ ఉంది కదా, దాన్ని మార్చండి. హెక్స్‌కి 6 కొట్టేసి 4.2 రాయండి. 20 × 4.2 = 84. ఇక సైన్యం. బండ్లు, సామాన్లు, వంటవాళ్లు అందరితో కదిలేది మామూలు నడకన పోదు. ఈ ఎడిషన్‌లో నెమ్మది నడక రోజుకి 18 మైళ్లు. 84ని 18తో భాగిస్తే నాలుగు రోజులు దాటి ఐదో రోజు సాయంత్రానికి చేరుతుంది. మీ ముట్టడి ఎక్కడికీ పోలేదు.

కొత్త_డీఎం:
ఐదో రోజే వచ్చింది! మరి గుడి?

ఇరవైముఖాలు:
వెళ్లారా? ఎలా?

కొత్త_డీఎం:
మొదటి సెషన్‌లోనే. నల్లరేవు నుంచి నడిచి వెళ్లారు, నల్లరేవు పడమటి ఒడ్డున ఉంది. పడవ ఎక్కినట్టు ఎవరికీ గుర్తులేదు. ప్రింట్‌లో మాత్రం గుడి తూర్పున ఉంది.

పెన్సిల్‌పటం:
అయితే గుడి పడమరే. ప్రింట్‌ని కథలో ఎవరో గీసిన మ్యాప్ అనండి. 1798లో జేమ్స్ రెన్నెల్ పశ్చిమ ఆఫ్రికా మ్యాప్‌లో కాంగ్ పర్వతాలని ఒక పెద్ద వరస గీశాడు. అవి లేనే లేవు. అయినా దాదాపు వందేళ్లు మ్యాపుల్లో కొనసాగాయి. 1887-89లో బింగర్ అనే ఫ్రెంచి ఆయన అక్కడ తిరిగి వచ్చి లేవని చెప్పేదాకా అందరూ ఒకరిని చూసి ఒకరు ఎక్కించారు.

మూడోపాచిక:
అంత కథ దేనికి? ‘తప్పు గీశాను, గుడి పడమటి ఒడ్డున ఉంది’ అని చెప్తే ఒక్క నిమిషం పని.

నదీతీరం:
గుడిని కదపక్కర్లేదు. బాగా వంపు తిరిగిన ఏరు వరదలో ఆ వంపు మెడ దగ్గర తెంచుకుని తిన్నగా పోతుంది, పాత పాయ చంద్రవంకలా చెరువై మిగిలిపోతుంది. వంపు లోపలున్న గుడి ఉన్నచోటే ఉంటుంది, ఒడ్డు మారుతుంది. ఫొటోలో గుడి దగ్గర అలాంటి వంపే ఉంది. ప్రింట్ వరదకి ముందుది అనుకోండి.

కొత్త_డీఎం:
హెక్స్ 4.2 చేసేశాను. గుడి చుట్టూ పాత పాయ గీస్తున్నాను, అక్కడ మొసళ్లు కూడా పెడతాను. థాంక్స్ అందరికీ, ఇక పడుకోవాలి.

నదీతీరం:
పాయ రెండు చివర్లూ నదికి తగలనివ్వకండి, మధ్యలో ఒండ్రు మేట వేసినట్టు ఖాళీ వదలండి. ఆ రెండు సముద్రాల సంగతి ఏం చేశారు?