పాత గ్రూప్ హౌస్ రిపేర్లు: ఏ పని ముందు, ఖర్చు ఎలా పంచాలి?

అందరికీ నమస్కారం. మాది విజయవాడలో పాతికేళ్లు దాటిన గ్రూప్ హౌస్, 12 ఫ్లాట్లు. ఇన్నాళ్లూ ఎక్కడ కారితే అక్కడ మాసిక వేసుకుంటూ నెట్టుకొచ్చాం. ఇక కుదిరేలా లేదు.

పై అంతస్తులో ఒకరింట్లో సీలింగ్ పెచ్చులు ఊడి, తుప్పు పట్టిన ఊచలు బయటపడ్డాయి. సిమెంటు పూసి పుట్టీ పెడితే చాలంటాడు మేస్త్రీ. తుప్పు పట్టిన ఊచ ఉబ్బి కాంక్రీటును బయటికి నెడుతుంది కదా, తుప్పంతా గీకకుండా పైన ఏం పూసినా నిలుస్తుందా? ముందు డాబాకి వాటర్ ప్రూఫింగ్ చేయించి, నీళ్లు నిలబెట్టి చూసి, ఆ తర్వాత స్లాబు, డ్రైనేజీ పైపులు, చివర్న రంగులు అనుకుంటున్నాను. కొందరికేమో రంగులే ముందు కావాలి, అద్దెలు పెరుగుతాయని!

అసలు తలనొప్పి డబ్బు దగ్గర. కింది అంతస్తు వాళ్లు "డాబాతో మాకేం సంబంధం" అంటున్నారు. అది అందరి ఉమ్మడి ఆస్తే కదండీ. చిన్న ఫ్లాట్ల వాళ్లు ఎస్‌ఎఫ్‌టీ లెక్కన అంటే, పెద్ద ఫ్లాట్ల వాళ్లు సమానంగా అంటారు. అమెరికాలో ఉన్న ఓనర్లు వాట్సాప్‌లో బొటనవేలు చూపించి ఊరుకుంటారు, డబ్బు మాత్రం రాదు.

ఇలాంటి పని చేయించినవాళ్లు చెప్పండి: రిజిస్ట్రేషన్ కాగితాల్లోని అవిభాజ్య వాటా (స్థలంలో ఒక్కో ఫ్లాటుకి రాసిన వాటా) ప్రకారం పంచితే గొడవ తగ్గిందా? కాంట్రాక్టరుకి ఇవ్వకముందే స్ట్రక్చరల్ ఇంజినీరుకి చూపించారా? ఇవ్వనివాళ్ల దగ్గర ఎలా వసూలు చేశారు? వానలు మొదలయ్యేలోపు డాబా పనైనా ముగించాలని మా టెన్షన్.