యాంటీబాడీ మందు ఎక్కడ పాడవుతుందో కంప్యూటర్ మోడల్ చెప్తే చాలదా? 40 డిగ్రీల పరీక్ష ఇంకా ఎందుకు?

కొత్తబ్యాచ్: మా టీమ్‌లో రెండు రోజులుగా ఇదే గొడవ. పన్నెండు యాంటీబాడీల్లో మూడింటిని ఎంచుకోవాలి. ఆస్పరజీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కడ డీఅమిడేట్ అవుతుందో (అమైడ్ భాగం పోయి వేరేగా మారుతుందో) మోడల్ చెప్పేస్తోంది కాబట్టి, వారాల తరబడి 40 డిగ్రీల్లో పెట్టి, పాడవుతుందేమో చూసే స్ట్రెస్ స్టడీ ఈ దశలో దండగ అంటున్నారు కొందరు. మీరేమంటారు?

లూప్‌రాజు: నేను మోడల్ వైపే. వరుసలో ఆస్పరజీన్ పక్కన గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం కనిపిస్తే అనుమానించడం పాత పద్ధతి. రొమ్ము క్యాన్సర్‌కి వాడే యాంటీబాడీ ట్రాస్టుజుమాబ్ లైట్ చైన్‌లో (చిన్న గొలుసులో) 30వ ఆస్పరజీన్ పక్కన ఉన్నది థ్రియోనిన్. అయినా అది మారుతుంది, ఎందుకంటే అక్కడి లూప్ (గొలుసులోని వంపు) కదులుతూ ఉంటుంది. వరుస ఒక్కటే చూస్తే ఇది దొరకదు. మడతను కూడా లెక్కలోకి తీసుకునే మోడల్‌కి దొరికే అవకాశం ఉంది.

మాస్‌స్పెక్ అక్క: రాజు గారూ, అంతవరకు ఒప్పుకుంటాను. మరి ఆ మోడల్‌కి నేర్పిన అంకెలు ఎక్కడివి? మాలాంటి వాళ్లు చేసిన పెప్టైడ్ మ్యాపింగ్‌వే కదా, అంటే ప్రొటీన్‌ని ముక్కలు చేసి మాస్ స్పెక్ట్రోమీటర్‌లో ఒక్కో ముక్క బరువు చూసే పరీక్షవే! ముక్కలు చేసే ఎంజైమ్ ట్రిప్సిన్ వేసి, పీహెచ్ 8 దగ్గర, 37 డిగ్రీల్లో రాత్రంతా వదిలేస్తాం. డీఅమిడేషన్‌కి అంతకన్నా అనుకూలమైన చోటు ఏముంటుంది? ఒకసారి ఒకే వయల్‌ని రెండు గంటలు, రాత్రంతా అని రెండు రకాలుగా చేసి చూశాను. రెండో దాంట్లో డీఅమిడేట్ అయిన ముక్క చూపే శిఖరం స్పష్టంగా పెద్దది. మందు ఏమీ మారలేదు, మా ట్యూబులోనే మారింది.

ఇంకోటి. ఈ మార్పుతో పెరిగే బరువు 0.984 డాల్టన్. సహజంగానే ఉండే బరువైన కార్బన్-13 ఐసోటోప్ వల్ల వచ్చే తేడా 1.003. పరికరం రిజల్యూషన్ తక్కువైతే రెండూ కలిసిపోతాయి. అలాంటి అంకెలతో మోడల్‌కి నేర్పితే, విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా?

లూప్‌రాజు: ఆ తప్పు అన్నిటికీ ఒకేలా పడితే ర్యాంకింగ్ మారదు కదండీ.

మాస్‌స్పెక్ అక్క: ఒకేలా పడదండీ, చిక్కంతా అక్కడే. ట్రిప్సిన్ వేసే ముందు ప్రొటీన్‌ని విప్పేస్తాం. మడతలో భద్రంగా ఉన్న ఆస్పరజీన్-గ్లైసీన్ జంట కూడా అప్పుడు లొంగిపోతుంది. దాన్ని చూసి నేర్చుకున్న మోడల్, మీరు వెక్కిరించిన ఆ పాత సూత్రాన్నే మళ్లీ వల్లిస్తుంది.

ఫైలింగ్ బాబాయ్: షెల్ఫ్ లైఫ్‌కి ఎలాగూ నిజ సమయపు డేటా కావాలి, జీవ ఔషధాల స్థిరత్వంపై ఉన్న అంతర్జాతీయ మార్గదర్శకం ఐసీహెచ్ క్యూ5సీ అదే అడుగుతుంది. అది వేరే సంగతి. అదే ట్రాస్టుజుమాబ్ హెవీ చైన్‌లో (పెద్ద గొలుసులో) 102వ ఆస్పార్టేట్ ఐసోమర్‌గా (అవే పరమాణువులు, వేరే అమరిక) మారితే బరువు మారదు, పొటెన్సీ (మందు బలం) బాగా పడిపోతుంది. 30వ చోట మార్పు వల్ల అంత నష్టం లేదు. ‘ఎక్కడ మారుతుంది’ అన్నదానికి జవాబు దొరికినా, ‘మారితే ఏమవుతుంది’ అన్నది మిగిలే ఉంటుంది.

కొత్తబ్యాచ్: అక్కా, మోడల్ ప్రమాదం అన్న నాలుగింటిని ముందు 40 డిగ్రీల్లో పెడుతున్నాం. సేఫ్ అన్నవాటిలోంచి కూడా రెండు తీశాను, అందుకు లూప్‌రాజు గారు తిట్టుకోవచ్చు. డైజెషన్ పీహెచ్ 6 దగ్గర చేద్దామనుకుంటున్నాను. అక్కడ ట్రిప్సిన్ నత్తనడక నడుస్తుందట, లైస్-సి అనే మరో ఎంజైమ్ కలిపితే సరిపోతుందా?

మాస్‌స్పెక్ అక్క: కలుపు. స్ట్రెస్ పెట్టని కంట్రోల్‌ని కూడా పక్కనే, అదే రోజు చెయ్యి.