నాస్‌కి బయటి నుంచి పోర్టు తెరిచి ఉంచొచ్చా, మూసేయాలా?

కూకట్‌పల్లి కేబుల్:
రెండు డిస్కుల నాస్ డబ్బా (నెట్‌వర్క్‌కి తగిలించి ఇంట్లో అందరి ఫైళ్లూ దాచుకునేది) ఇంట్లో పెట్టి మూడేళ్లయింది. తెనాలిలో అమ్మ, డల్లాస్‌లో తమ్ముడు పిల్లల ఫొటోలు చూసుకుంటారని రౌటర్‌లో 5001 పోర్టు (నెట్ నుంచి నాస్‌లోకి వచ్చే దారి) తెరిచా. నిన్న రాత్రి ఊరికే లాగ్ తెరిచి చూస్తే గుండె జారిపోయింది. ‘అడ్మిన్’ పేరుతో లాగిన్ ఫెయిల్, మళ్లీ ఫెయిల్, మళ్లీ ఫెయిల్, అలా పేజీలకు పేజీలు. ఆ ఖాతాని ఎప్పుడో ఆపేశాననుకోండి. ఐదుసార్లు తప్పు కొడితే ఆ ఐపీ (నెట్ చిరునామా) బ్లాక్ అయ్యే సెట్టింగూ ఉంది. కానీ ఒక్కో ఐపీ రెండుసార్లు కొట్టి తప్పుకుంటోంది, వెంటనే ఇంకోటి దిగుతోంది. ఏం చేయమంటారు?

గేటు కాపలా:
మూసేయండి, ఈ రాత్రికే. లాగ్‌లో కనపడేవాడితో పెద్ద ప్రమాదం లేదు, పాపం ఆపేసిన ఖాతాకి పాస్‌వర్డ్ వెతుక్కుంటున్నాడు. భయపడాల్సింది కనపడనివాడికి. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్ అనే ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లు బందీ చేసి డబ్బు గుంజేది) క్యూనాప్ కంపెనీ నాస్ డబ్బాల్లోకి దూరింది. ఎవరి పాస్‌వర్డూ ఊహించే పని పడలేదు, కంపెనీ ఇచ్చిన బ్యాకప్ యాప్‌లోనే లొసుగు ఉంది. ఫైళ్లన్నీ సెవెన్‌జిప్‌లో కట్టేసి, పాస్‌వర్డ్ పెట్టి, 0.01 బిట్‌కాయిన్ అడిగారు.

నాలుగేళ్ల నాస్:
కాపలా అన్నా, ఆయన్ని అంత కంగారు పెట్టకండి. నాది నాలుగేళ్లుగా తెరిచే ఉంది. పోర్టు నంబరు మార్చా, ఓటీపీ పెట్టా, ఇండియా, అమెరికా తప్ప మిగతా దేశాల ఐపీలు ఆపేశా, అప్‌డేట్లు వాటంతటవే పడతాయి. ఏమీ కాలేదు. పోర్టు మూసేసి వీపీఎన్ (కీ ఉన్నవాళ్లకే ఇంటి నెట్‌వర్క్‌లోకి తెరుచుకునే దారి) పెట్టమని చెప్పడం తేలికే. మా నాన్నగారికి 71 ఏళ్లు, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పడితేనే నెట్ పోయిందని నాకు ఫోన్ చేయిస్తారు. అందరూ వాడుకోలేకపోతే నాస్ కొనడం ఎందుకు?

గేటు కాపలా:
పోర్టు నంబరు మార్చడం ఇంటి నంబరు చెరిపేయడం లాంటిది. షోడాన్ లాంటి సెర్చ్ సైట్లు నెట్‌లో ఎక్కడ ఏం తెరిచి ఉందో రోజూ వెతికి పట్టికలు వేస్తుంటాయి. దేశాల ఫిల్టర్ దాటడానికి ఆ దేశంలో ఒక అద్దె సర్వర్ చాలు. ఓటీపీ మంచిదే, కాదనను. కానీ గోడకి కన్నం వేసేవాడికి మీ తలుపు తాళంతో పనేముంది? 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే ఇంకో ర్యాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు క్యూనాప్ వాళ్ల లాగిన్ పేజీ ఉండాల్సిన చోట 0.03 బిట్‌కాయిన్ కట్టమనే నోటీసు కనిపించింది. (అదే ఏడాది అక్టోబర్‌లో డచ్ పోలీసులు డబ్బు కట్టినట్టే కట్టి, ఫైళ్లు విప్పే కీ చేతికి రాగానే లావాదేవీ వెనక్కి లాగేసి, 150కి పైగా కీలు రాబట్టారు. ఆ వార్త చదివి ఎంత నవ్వుకున్నానో.)

నాలుగేళ్ల నాస్:
సరే, నేనూ ఒకటి చెబుతా. 2021 జూన్‌లో మై బుక్ లైవ్ అనే, నెట్‌కి తగిలించే డ్రైవులు చాలామందికి ఉన్నట్టుండి ఖాళీ అయిపోయాయి. వాటికి అప్‌డేట్లు 2015లోనే ఆగిపోయాయి. అంటే తప్పు పాత సాఫ్ట్‌వేర్‌ది, పోర్టుది కాదు.

గేటు కాపలా:
పాత సాఫ్ట్‌వేరే, ఒప్పుకుంటా. కానీ అది బయటికి కనపడకపోతే ఎవడు తుడిచేవాడు?

విజయవాడ వైర్లు:
గొడవ ఆపి ఒక్క మాట వినండి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌కి సరైన కీ లేకుండా ఎవరైనా తలుపు కొడితే అది అసలు పలకదు, స్కాన్ చేసేవాడికి అక్కడ ఏదో ఉందనే తెలియదు. దాని మీదే కట్టిన టెయిల్‌స్కేల్ పెడితే రౌటర్‌లో పోర్టు తెరిచే పనే లేదు. పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగలిగే చిరునామా) ఇవ్వని బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలోనూ పనిచేస్తుంది. (రౌటర్‌కి బయటి నెట్ వైపున్న వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీదీ అదే బాపతు.) పెద్దవాళ్ల ట్యాబ్‌లో మనమే ఒకసారి లాగిన్ చేసి ఆన్‌లో వదిలేస్తే చాలు.

నాలుగేళ్ల నాస్:
వదిలేశానండీ, అదీ చూశా. ఆర్నెల్లకి దానంతటదే లాగౌట్ అయింది. నాన్నగారు నాస్ చెడిపోయిందనుకుని పక్కింటి అబ్బాయిని పిలిచారు.

విజయవాడ వైర్లు:
180 రోజులకి కీ గడువు తీరిపోతుంది, డిఫాల్ట్ అదే. అడ్మిన్ పేజీలో ఆ ఒక్క డివైజ్‌కి ‘కీ ఎక్స్‌పైరీ’ ఆఫ్ చేస్తే మళ్లీ అడగదు. ఆ ట్యాబ్ పోతే మాత్రం వెంటనే జాబితాలోంచి తీసేయాలి. ఏది పెట్టినా ఒక యూఎస్‌బీ డిస్కులో కాపీ తీసి, వైరు పీకి బీరువాలో పెట్టుకోండి. నాస్‌లోనే ఉన్న పాత కాపీలని, అంటే స్నాప్‌షాట్లని, అడ్మిన్‌గా దూరినవాడు తుడిచేయగలడు.

కూకట్‌పల్లి కేబుల్:
5001 తీసేశా. పనిలో పనిగా రౌటర్‌లో యూపీఎన్‌పీ (పరికరాలు తామే పోర్టులు తెరిపించుకునే సౌకర్యం) పేజీ చూస్తే ఇంకో రెండు పోర్టులు తెరిచి ఉన్నాయి, నేను తెరిచినవి కావు. నాసే రౌటర్‌ని అడిగి తెరిపించుకుందట! యూపీఎన్‌పీ కూడా ఆపేశా. పొద్దున్నుంచి లాగ్‌లో ఒక్క లైను లేదు. తమ్ముడు ఫోన్లోనే పది నిమిషాల్లో టెయిల్‌స్కేల్ పెట్టేసుకున్నాడు. అమ్మ ట్యాబ్ కోసం ఆదివారం తెనాలి వెళ్తున్నా. అప్పటిదాకా ఫొటోలు వాట్సాప్‌లో పంపమని ఆర్డర్.

నాలుగేళ్ల నాస్:
ఆ కీ ఎక్స్‌పైరీ ఆఫ్ చేయడం మర్చిపోకండి. నాది మాత్రం ఇప్పటికి తెరిచే ఉంచుతున్నా.

గేటు కాపలా:
మీ ఇష్టం అన్నా. ఆ యూఎస్‌బీ డిస్కు మాత్రం ఇవాళే కొనండి.