మూణ్ణాళ్ళ ముచ్చట తీరిపోయింది, స్నేహితుడు మాత్రం మిగిలాడు. ఏం చెయ్యాలి?

కంచరపాలెం క్లర్కు:

నాకు 43 ఏళ్లు. విశాఖ పోర్టు ఏరియాలో ఒక క్లియరింగ్ ఏజెంటు దగ్గర బిల్లులు రాసే పని. నాకో జబ్బుంది. ప్రపంచంలో ఎక్కడో ఏదో జరుగుతుంది, అది నన్ను పట్టుకుంటుంది. తిండీ నిద్రా మాని దాని వెంట పడతాను. మూడు నెలలు తిరిగాక ఎవరైనా దాని ఊసెత్తితే తెల్లమొహం వేస్తాను.

2010లో చిలీలో గని కూలి 33 మంది 69 రోజులు లోపల ఉండిపోయారు, గుర్తుందా? వాళ్లను సన్నటి బోనులో ఒక్కొక్కర్నీ పైకి లాగుతుంటే ఆఫీసుకు సెలవు పెట్టి ఒక పగలూ ఒక రాత్రీ టీవీ ముందే కూర్చున్నాను. 33 మంది పేర్లూ వచ్చేవి అప్పట్లో. ఇప్పుడు ఒక్కటీ రాదు.

2014లో స్కాట్లండ్. ఆ ఏడాది జూన్‌లో మన రాష్ట్రం విడిపోయింది కదా. మనల్ని ఎవరూ అడగలేదు, అక్కడ మాత్రం పదహారేళ్ల పిల్లల్ని కూడా ఓటేసి చెప్పమంటున్నారని ఒక రకం కడుపుమంటతో మొదలైంది. దాంతోపాటు వాళ్ల బ్యాగ్‌పైపులు వినడం. అది నేర్చుకోవడానికి ముందు ఒక చిన్న గొట్టం మీద సాధన చెయ్యాలట, చాంటర్ అంటారు, అదీ తెప్పించాను. సెప్టెంబర్ 18న ఓటింగు, 55 శాతం మంది విడిపోవద్దన్నారు. అక్టోబర్ 12న మనకు హుద్‌హుద్ తుపాను. మా వీధికి కరెంటు వచ్చేసరికి నాలో స్కాట్లండ్ పోయింది. ఆ గొట్టాన్ని మా ఆవిడ 'సన్నాయి ముక్క' అంటుంది. అటక మీద ఉంది.

ఇదంతా ఎవరికీ నష్టం లేని వ్యవహారం. అసలు చిక్కు 2021లో వచ్చింది.

ఆ మార్చి 23న సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ ఓడ అడ్డం తిరిగి ఇరుక్కుంది. 400 మీటర్ల ఓడ, దాని ముక్కు దగ్గర ఇసుక తవ్వుతూ బొమ్మలాంటి పొక్లెయిన్. ఓడలో 25 మంది సిబ్బందీ భారతీయులే. రోజూ కంటైనర్ నంబర్లు కాగితాల మీద రాసే నాకు కంటైనర్లంటే ఏమిటో ఆ ఆరు రోజుల్లోనే తెలిసింది. చివరికి హోలీ పున్నమి పోటు కలిసొచ్చి 29న కదిలింది. ఆ గోలలోనే ఒక వీడియో కింద, కాలువకు అటూ ఇటూ ఊళ్లున్నవాళ్లు ఎలా దాటతారని అడిగాను. ఈజిప్టులో ఆ కాలువ ఒడ్డునే ఉన్న ఇస్మాయిలియా నుంచి ఒకాయన జవాబిచ్చాడు. లెక్కల మాస్టారు, నా ఈడువాడే. ఫెర్రీ మీద దాటతామన్నాడు. అలా మొదలైంది.

ఆయనకు అరబ్బీ, నాకు తెలుగు, మధ్యలో అనువాదం యాప్. అది 'పున్నమి పోటు'ను 'పున్నమి కత్తిపోటు' చేసి పంపితే ఆయన కంగారుపడి పోలీసులొచ్చారా అని అడిగాడు. వాళ్ల దేశపు గాయని ఉమ్ కుల్సూమ్ పాటలు వినిపించింది ఆయనే. నెలలో మొదటి గురువారం రాత్రి ఆవిడ కచేరీ రేడియోలో వస్తే వీధులు ఖాళీ అయ్యేవట. 1975లో పోయింది ఆవిడ. ఒక్క పాట గంటసేపు! మొదట్లో విసుగేసింది, తర్వాత అదే లేకపోతే నిద్ర పట్టేది కాదు. అప్పుడు మా పాప ఫిడేలు నేర్చుకుంటోంది. ఆయన పంపిన ఒక ఊద్ ముక్క, అదొక అరబ్బు తీగల వాద్యం, వింటుంటే పాప సరళీ వరసల్లాగే వినపడింది. పాప వాయించింది రికార్డు చేసి పంపాను. ఆయన తన స్నేహితుడి చేత అవే స్వరాలు ఊద్ మీద వాయించి పంపాడు. ఆ రోజు నాకు ఎంత సంబరమో చెప్పలేను.

తర్వాత మామూలే. కాలువ పోయింది, ఉమ్ కుల్సూమ్ పోయింది, పాప టెన్త్‌కి వచ్చి ఫిడేలు మానేసింది. మాస్టారు మాత్రం ప్రతి శుక్రవారం కాలువ గట్టుకెళ్లి ఓడ ఫొటో తీసి పంపుతూనే ఉన్నాడు. నేను బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకుంటున్నాను. 2024లో అయితే ఆ ఫొటోల్లో ఓడలు కూడా తక్కువ, ఉత్త నీళ్లు. పోయిన నెల ఆయన రాశాడు: 'ఈమధ్య కాలువ గురించి అడగడం మానేశావు, ఒంట్లో బాగుందా?'

ఇప్పుడు నిజం చెప్పనా, ఆసక్తి ఉన్నట్టు నటించనా? చెబితే ఇన్నాళ్లూ శ్రమపడ్డ మనిషి నొచ్చుకుంటాడేమో. టెన్షన్‌గా ఉంది, నవ్వకండి.

గాజువాక గురుడు:

ఏటి గురూ, నవ్వకండి అంటే ఎలా? పున్నమి కత్తిపోటు దగ్గరే టీ ఒలికిపోయింది. నా మోజులైతే ఇంకా తక్కువ రోజులు లెండి, నెలకొకటి. ఆ చాంటర్ ఏదో అమ్మితే చెప్పండి, మా బావమరిదికి బహుమతిస్తాను. వాడి మీద నాకు పాత పగ ఉంది.

ఎంవీపీ ఫిడేలు:

బాబూ, నేను ముప్పై ఏళ్లుగా పిల్లలకు ఫిడేలు చెబుతున్నాను. నీ స్నేహితుడి సంగతి పెద్దవాళ్లు ఎవరైనా చెబుతారు, నేను స్వరాల సంగతి చెబుతాను. నీకు వినపడింది భ్రమ కాదు. మకామ్ అంటే వాళ్ల రాగం లాంటిది. వాళ్ల హిజాజ్‌కార్ మకామ్, మన మాయామాళవగౌళ మెట్లు ఒకటే. శుద్ధ రిషభం, అంతర గాంధారం, పైన శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. మన దగ్గర పిల్లలకు మొట్టమొదట చెప్పేదే ఆ రాగం కాబట్టి మీ పాప సరళీ వరసలు నీ చెవికి తగిలాయి. అలాగని రెండూ ఒకటే అనకు. మెట్లు ఒకటైనంత మాత్రాన నడక ఒకటవదు. మన గమకం వేరు, వాళ్లు స్వరాన్ని పట్టుకునే తీరు వేరు. పైగా వాళ్ల రాస్త్, బయాతీ లాంటి మకామ్‌లలో హార్మోనియం మెట్ల మధ్యన పడే స్వరాలుంటాయి. అవి మన పన్నెండు స్థానాల్లో ఇమడవు.

ఇంకొకటి. మనం ఫిడేలు తీగల్ని స-ప-స-ప అని శ్రుతి చేస్తాం, పాశ్చాత్యుల్లా కాదు. అరబ్బు ఫిడేలు వాళ్లు కూడా చాలామంది దాదాపు ఇలాగే చేస్తారు. ఆవిడ గంటసేపు ఒక్క పాట పాడిందన్నావు, మళ్లీ విను: ఒకే వాక్యాన్ని పదిసార్లు పదిరకాలుగా తిప్పుతుంది. మన నెరవల్ విన్నవాళ్లకు అది కొత్తగా ఉండదు.

టెన్త్ అనగానే ఫిడేలు మాన్పించడం మాత్రం నాకు నచ్చలేదు. వారానికి రెండు గంటలు చాలు, దానివల్ల ఎవరి మార్కులూ తగ్గలేదు నేను చూసినంతలో.

థర్డ్ ఇంజనీరు:

అన్నా, నేను మర్చంట్ నేవీ. సెలవులో ఉన్నాను, మాది పెందుర్తి. ఆ ఉత్త నీళ్ల ఫొటోల గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను.

2023 నవంబర్ 19న ఎర్ర సముద్రంలో గెలాక్సీ లీడర్ అనే ఓడ మీదికి యెమెన్ తిరుగుబాటుదార్లు హూతీలు హెలికాప్టర్‌లో దిగి పట్టుకుపోయారు. ఆ తర్వాత పెద్ద కంపెనీలు చాలావరకు సూయజ్ మానేసి ఆఫ్రికా కొస చుట్టి వెళ్లడం మొదలుపెట్టాయి. మా ఓడ కూడా. పది పన్నెండు రోజులు అదనం, ఆ చలిగాలీ ఆ అలలూ మాకు అదనం. కాలువ ఆదాయం 2024లో సగానికి పైగా పడిపోయింది. అదే ఏడాది మార్చిలో వాళ్ల ఈజిప్టు పౌండు కూడా కూలింది. డాలరుకి 31 దగ్గర ఉన్నది ఒక్కసారిగా 50 దాకా పోయింది. బడి మాస్టారి జీతం ఏమై ఉంటుందో మీరే లెక్కేసుకోండి.

కాలువ దాటేటప్పుడు తాళ్లు కట్టే పడవవాళ్లు మా డెక్ మీదికి వస్తారు. వచ్చీరాగానే గుడ్డ పరిచి పిరమిడ్ బొమ్మలూ పాపిరస్ కాగితాలూ పెట్టి అమ్ముతారు. ఓడలు రాకపోతే వాళ్లకు ఆ బేరం కూడా లేదు. ఆ ఊళ్లన్నీ కాలువ మీదే బతుకుతాయి. మీ మాస్టారు ఏడాదిపాటు మీకు పంపింది ఓడల ఫొటోలు కావన్నా. మీరు బొటనవేలు పెట్టారు.

కటువుగా రాస్తే ఏమీ అనుకోకండి.

మర్ఫీ తాతయ్య:

నాయనా, ఆ ఇంజనీరబ్బాయి కొంచెం గట్టిగానే వేశాడు. నేను నీ పక్షాన రెండు మాటలంటాను.

1974లో నేను ఏయూలో చదివేటప్పుడు మహారాణిపేటలో మా గదిలో ఒక మర్ఫీ రేడియో ఉండేది. రాత్రిపూట షార్ట్‌వేవ్ తిప్పడమే పని. వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కొనోవర్ అని ఒకాయన జాజ్ వినిపించేవాడు. ఇంగ్లిష్ సరిగా రాని మాబోటివాళ్లకు కూడా అర్థమయ్యేలా ఒక్కో మాటా నిదానంగా, బరువుగా పలికేవాడు. ఏ స్టేషన్ ఎంత స్పష్టంగా వినపడిందో, ఏ టైముకో రాసి పంపితే విన్నట్టు రుజువుగా వాళ్లు క్యూఎస్ఎల్ కార్డు పంపేవారు. ఒక డబ్బా నిండా ఉండేవి నా దగ్గర. జాజ్ మోజు రెండేళ్లు. కార్డుల మోజు నాలుగేళ్లు.

ఆ రోజుల్లోనే ఫిన్లండ్‌లో ఒకాయన కలం స్నేహితుడయ్యాడు. మొదటి ఉత్తరాల నిండా ఫ్రీక్వెన్సీలే. తర్వాత నాకు ఉద్యోగం, పెళ్లి, రేడియో మూలపడింది. చెప్పడానికి మొహమాటపడి ఏడాదిపాటు జవాబే రాయలేదు. తర్వాత తెగించి నీలం ఏరోగ్రామ్ మీద మా ఆవిడ ఆవకాయ పెట్టే పద్ధతంతా రాసి పడేశాను, ఇంకేం తోచక. ఆయన జవాబు మూడు పేజీలు, వాళ్ల ఊళ్లో చేపను ఉప్పులో ఎలా ఊరేస్తారో. అక్కణ్ణుంచి పదకొండేళ్లు రాసుకున్నాం. రేడియో ఊసు మళ్లీ రాలేదు.

నిజం చెప్పెయ్యి. కానీ ముందు ఆయన ఎలా ఉన్నాడో అడుగు.

కంచరపాలెం క్లర్కు:

ఇంజనీరు తమ్ముడూ, నువ్వు రాసింది చదివి ఆ రోజు అన్నం సయించలేదు. ఏమీ అనుకోలేదు. షిప్పింగ్ ఆఫీసులో కూర్చుని, రేట్లు ఎందుకు పెరిగాయో తెలిసి కూడా, ఆ నీళ్లనూ ఆ రేట్లనూ కలిపి చూడలేదు నేను.

నిన్న రాత్రి బీచ్‌కి వెళ్లాను. కురుసుర సబ్‌మెరైన్ దాటాక మెట్ల మీద కూర్చుంటే బయట సముద్రంలో లంగరేసిన ఓడల దీపాలు వరసగా కనిపిస్తాయి కదా, ఒక ఫొటో తీసి పంపాను. కింద రాశాను: నువ్వెలా ఉన్నావు, ఇంట్లో ఎలా గడుస్తోంది, ఇన్నాళ్లూ అడగలేదు, క్షమించు. నాకు కాలువ మీద మోజు ఎప్పుడో పోయింది, చెప్పడానికి మొహమాటపడ్డాను.

జవాబు అరగంటలో వచ్చింది. పోయినేడాది నుంచి సాయంత్రాలు ట్యూషన్లు చెబుతున్నాడట, రెండు బ్యాచ్‌లు. వాళ్ల అన్న పడవ పని మానేసి కైరో వెళ్లిపోయాడట. ఆ తర్వాత ఇది: 'నాకు ఓడలంటే చిన్నప్పటి నుంచీ విసుగు. పుట్టి పెరిగింది వాటి పక్కనే. నీకిష్టమని ప్రతి శుక్రవారం ఎండలో వెళ్లి తీస్తున్నాను. ఇక మానెయ్యనా?'

మానెయ్యమన్నాను. పాప ఫిడేలు ఎంతవరకు వచ్చిందని అడిగాడు, తన స్నేహితుడు ఊద్ పట్టుకుని ఎదురుచూస్తున్నాడట. మానేసిందని చెప్పలేకపోయాను.

ఫిడేలు టీచర్ గారూ, మీ క్లాసు ఎంవీపీలో ఏ సెక్టారు? పాపకి పరీక్షలయ్యాక పంపుతాను. ఈలోగా అంటే... పెద్దవాళ్లకు కూడా చెబుతారా?

గాజువాక గురుడు:

మళ్లీ మొదలా! గురూ, ఫిడేలు కొనకండి. అద్దెకు తీసుకోండి.