ప్యాకెట్ నూనెలో టీబీహెచ్‌క్యూ (నూనె పాడవకుండా కలిపే కృత్రిమ యాంటీఆక్సిడెంట్) ప్రభావాన్ని విడదీయడం ఎలా?

గుంటూరులో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నాను. తవుడు, పొద్దుతిరుగుడు నూనెల ప్యాకెట్లు, పట్నం బజార్‌లో కొన్న గానుగ నువ్వుల నూనె: వీటిలో గింజ నుంచి వచ్చిన యాంటీఆక్సిడెంట్లను పోల్చాలి. మా ల్యాబ్‌లో యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ (ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుందో కొలిచేది) ఉంది, హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) లేదు.

తవుడు నూనెలో సహజంగా ఉండే యాంటీఆక్సిడెంట్ ఒరైజనాల్‌తో పేచీ లేదు, హెప్టేన్‌లో కలిపి 315 నానోమీటర్ల దగ్గర చూస్తే చక్కగా వస్తోంది. తలనొప్పంతా డీపీపీహెచ్ పరీక్షతోనే (డీపీపీహెచ్ ఊదా రంగు రసాయనం, యాంటీఆక్సిడెంట్ తగిలితే రంగు పోతుంది). మిథనాల్‌లో నూనె కరగక కువెట్ మజ్జిగలా తెల్లబడుతోందని ఇథైల్ అసిటేట్‌కి మారాను. 0.1 మిల్లీమోలార్ డీపీపీహెచ్, చీకట్లో 30 నిమిషాలు, 517 నానోమీటర్లు. ఇప్పుడు ద్రావణం తేటగానే ఉంది. కానీ పొద్దుతిరుగుడు నూనె వేసిన నిమిషంలోపే ఊదా రంగు విరిగి పసుపుకి తిరుగుతోంది, నువ్వుల నూనెలో మెల్లగా దిగుతోంది.

ప్యాకెట్ వెనక పదార్థాల జాబితా చూస్తే 319 అని ఉంది, అంటే టీబీహెచ్‌క్యూ. అదీ డీపీపీహెచ్ రంగు విరిచేస్తుంది. మన నిబంధనల ప్రకారం కిలోకి 200 మిల్లీగ్రాముల దాకా కలపొచ్చు. పోనీ వేగాన్ని బట్టి విడదీద్దామంటే, పొద్దుతిరుగుడులో దండిగా ఉండే ఆల్ఫా టోకోఫెరాల్ (విటమిన్ ఇ) కూడా డీపీపీహెచ్‌తో అంతే చురుకు.

నూనెని మిథనాల్‌తో కడిగి చూశాను. పొద్దుతిరుగుడు రీడింగ్ పడిపోయింది, బాగానే ఉంది. అదే పద్ధతిలో కడిగితే టీబీహెచ్‌క్యూ లేని గానుగ నూనెదీ పడిపోయింది. నువ్వుల నూనెలోని యాంటీఆక్సిడెంట్ సెసమాల్ కూడా మిథనాల్‌లోకి వచ్చేస్తున్నట్టుంది. 319 లేని అదే రకం ప్యాకెట్ కోసం వెతికాను, దొరకలేదు.

హెచ్‌పీఎల్‌సీ లేకుండా, టోకోఫెరాల్స్, సెసమాల్ పోకుండా టీబీహెచ్‌క్యూని మాత్రమే తీసేసే పద్ధతి గానీ, దాని వాటా విడిగా కొలిచి తీసివేసే పద్ధతి గానీ ఎవరైనా చేసి చూశారా?